నీ మీద చినుకు పడదు

మాలకొండయ్య ఇంట్లో ఎవరు ఏ ఊరు వెళ్ళాలన్నా ముందు ఆకాశం ఒప్పుకోవాలి. ఇతరులు ప్రయాణానికి వర్జ్యం చూసుకుంటారు, దుర్ముహూర్తం చూసుకుంటారు. మాలకొండయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని తూర్పు నుంచి పడమర దాకా ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపు కిందికి దిగేసరికి ప్రయాణం ఉందో లేదో తేలిపోతుంది. ఎక్కువసార్లు లేదనే తేలుతుంది. ఊళ్ళో మాత్రం ఆ చూపుకి మంచి గిరాకీ. పత్తికి మందు కొట్టాలన్నా, కోసిన మిరపకాయ కల్లంలో పొయ్యాలన్నా ముందు ఆయన్నే అడుగుతారు. వాన విషయంలో మాలకొండయ్య అబద్ధమాడడని ఊరందరికీ నమ్మకం.

అందుకే ఆ ఉదయం మల్లేశ్వరి ఆయన మొహం వంక చూడకుండా మాట ఎత్తింది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, కల్లంలో పరిచిన కాయల్ని పాదాలతో తిరగేస్తూ ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తోంది.

"సౌజికి ప్రమోషనొచ్చిందంట."

"మంచిదేగా," అన్నాడు మాలకొండయ్య. ఆయన అవతల కూర్చుని తాలుకాయ ఏరుతున్నాడు. తడిసో తెగులొచ్చో తెల్లబడిన కాయని వేరు చెయ్యకపోతే మంచి కాయకి కూడా ధర రాదు.

"మంచిదే. వచ్చే నెల నుంచి రైలు నడపదంట. ఆఫీసులో కూర్చుని మిగతా బళ్ళు ఎక్కడున్నాయో చూసే పనంట. ఈ నెలాఖరు దాకే అది బండి నడిపేది."

వాళ్ళ అమ్మాయి సౌజన్య రెండేళ్ళుగా హైదరాబాదులో మెట్రో రైలు నడుపుతోంది. ఆ మాట చెప్పుకోవడానికి మల్లేశ్వరికి ఊళ్ళో ఇల్లు మిగల్లేదు. బస్సులో పక్క సీటు ఆవిడకి కూడా చెప్పేసింది. చెప్పిన ప్రతిసారీ వాళ్ళడిగేది ఒకటే. "అయితే ఎక్కావా మరి నీ కూతురి రైలు?" అప్పుడు మల్లేశ్వరి చీర సర్దుకునేది.

"నేను దాని రైలెక్కాలి. అది కుర్చీలో కూర్చున్నాక పోయి ఏం చూస్తాను, కుర్చీనా?"

మాలకొండయ్య తాలుకాయ పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. చెయ్యి నడుం మీదికి పోయింది.

"పైకి చూడమాక!" అని కేకేసింది మల్లేశ్వరి. "పైకి చూస్తే నాకు తెలుసు నువ్వేమంటావో. మొదట పోదామంటే రోహిణి కార్తె, రోళ్ళు పగిలే ఎండ, వడదెబ్బ తగిలిద్దన్నావు. తొలకరి పడ్డాక పోదామంటే పత్తి గింజలు పెట్టాలన్నావు. వానలు తగ్గాక అంటే మిరప నారు. చలికాలం అంటే పత్తి తీతలు. ఇప్పుడు కాయ కల్లంలో ఉందంటావు. ఇరవై ఏడు కార్తెలున్నాయంట ఏడాదికి. అందులో ఒక్కటి గూడా నాది కాదా?"

పక్క కల్లంలో మౌలాబీ నవ్వింది. ఆమె, మొగుడు ఇమాం హుస్సేన్ ఆ పక్క చేను కౌలుకి చేస్తారు. రెండు కల్లాలకీ మధ్య గట్టు జానెడే, అందువల్ల ఒకరి సంసారం ఒకరికి దాగదు.

"అడుగక్కా, గట్టిగా అడుగు. గుంటూరు మిర్చి యార్డుకి కాయ వేసుకెళ్ళేటప్పుడు అన్నకి ఏ కార్తె అడ్డం రాదు. బిరియానీ తిని మరీ వస్తాడు."

"నువ్వు నీ కాయ చూసుకో తల్లీ," అన్నాడు మాలకొండయ్య. అని, ఆకాశం చూడకుండానే కూర్చున్నాడు. ఇరవై ఏడు కార్తెలూ ఆయన వేళ్ళ మీద ఉంటాయి. వాటిలో ఒకటి పెళ్ళానికి ఇవ్వచ్చని ఎప్పుడూ తోచలేదు. ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఉన్నట్టుండి, "గురువారం పోదాం. ఇద్దరం. ఆదివారానికల్లా వచ్చేద్దాం," అన్నాడు. మల్లేశ్వరి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఇక చూడాలి మాలకొండయ్య హడావుడి. వద్దనేటప్పుడు ఎంత పట్టుదలో, సరే అన్నాక అంతకు రెట్టింపు. సాయంత్రం కాయ కుప్ప చేసి, మంచు పడకుండా పట్టలు కప్పి రాగానే కూతురికి వీడియో కాల్ చేయించాడు.

"అమ్మా సౌజి, ఆకాశం చూపించు."

"ఏంటి నాన్నా?"

"ఆకాశమమ్మా. మీ ఊరిది."

సౌజన్య హాస్టల్ బాల్కనీలోకి వచ్చి ఫోన్ పైకి తిప్పింది. రెండు మేడల మధ్య, కేబుల్ వైర్ల వెనక, చేటంత నీలం ముక్క కనపడింది.

"ఇంతేనా మీకున్నది?" అన్నాడు మాలకొండయ్య జాలిగా. దాన్నే అటూ ఇటూ తిప్పించి చూశాడు. "పర్లేదు. అక్కడ ఎండ ఉన్నా మన ఉక్క ఉండదు. ఇంకో రెండు వారాలైతే ముదిరిపోయిద్ది, ఇదే అదను. ఇదుగో విను. మీ అమ్మని పొద్దున పూట చల్లగా ఉండగానే చార్మినార్‌కి తిప్పు. ఎండెక్కాక బయట తిప్పమాక. నీ రైల్లో ఏసీ ఉంటదిగా, మధ్యాహ్నం అందులో కూర్చోపెట్టు. సాయంత్రం పడమర గాలి తోలిద్ది, అప్పుడు ట్యాంక్‌బండ్."

"నాన్నా, నువ్వు మాకు టూరు వేస్తున్నావా, చేనుకి నీళ్ళు పెడుతున్నావా?"

వెనక నించి ఇంకో పిల్ల నవ్వు వినిపించింది. సౌజన్యతో గదిలో ఉండే హేమశ్రీ. చీరాల అమ్మాయి, ఏదో కంపెనీలో ఉద్యోగం.

మల్లేశ్వరి రెండు రోజులు నేల మీద నడవలేదు. పండుమిర్చి పచ్చడి, గోంగూర పచ్చడి, చెక్కలు, నువ్వుండలు కట్టింది. పట్టుచీర తీస్తే మాలకొండయ్య వద్దన్నాడు. చెమట పీల్చుకునేది కట్టుకోమన్నాడు. మంగళగిరి నూలుచీర, ముదురాకుపచ్చకి ఎర్రంచుది, ఒక్కసారి తడిపి గంజి పెట్టి, ఇస్త్రీ బండి దగ్గరికి తనే తీసుకెళ్ళింది. అక్కడున్న ముగ్గురికీ చెప్పింది, ఈ వారమే కూతురి రైలెక్కుతున్నానని.

మంగళవారం మధ్యాహ్నం గాలి తిరిగింది. అప్పటిదాకా పడమర నించి వస్తున్న పొడిగాలి ఆగిపోయి, తూర్పు నించి జిగటగా ఒకటి మొదలైంది. కల్లంలో కాయ పట్టుకుంటే పొద్దున గలగలమన్నది మెత్తగా వంగింది. రాత్రి టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. తమిళనాడు వైపు వెళ్ళే అవకాశం ఎక్కువని కూడా అన్నారు. మాలకొండయ్య టీవీ కట్టేసి వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. అటు చూడలేదు, ఇటు చూడలేదు. నడుం మీద చెయ్యీ లేదు.

ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన ఆకాశం చూడలేదంటే అర్థమేంటో మల్లేశ్వరికి చెప్పక్కర్లేదు. లోపలికెళ్ళి సంచీలోంచి మంగళగిరి చీర తీసింది. ఇస్త్రీ మడత చెదరకుండా రెండు చేతులతో పట్టుకుని బీరువాలో, పట్టుచీర కింద, ఎప్పటి చోటే పెట్టింది. చెక్కల డబ్బా మూత తీసి ఒకటి నోట్లో వేసుకుంది. కూతురి కోసం చేసినవి తనే తింటోంది. ఏడుపు రాలేదు గాని కోపం వచ్చింది, అదీ ఎవరి మీద చూపించాలో తెలియని కోపం. వాన మీద అలగడం కుదరదు. మొగుడి మీద అలుగుదామంటే ఆయన తన కోసం దాచుకునేదేమీ లేదు, ఇద్దరి కష్టమూ ఆ కల్లంలోనే ఉంది.

గుమ్మంలో నిలబడి మాలకొండయ్య ఇదంతా చూశాడని ఆమెకి తెలియదు.

బుధవారం పొద్దున్నే ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని వంటింటి గడప మీద కూర్చున్నాడు.

"ఆ చీర మళ్ళీ సంచీలో పెట్టు."

మల్లేశ్వరి తిరిగి చూసింది.

"టీవీలో చెప్పారుగా, తమిళనాడు పోయిద్దంట. నువ్వు రేపు వెళ్తన్నావు. నేను రాలేను. కాయ చూడ్డానికి బేరగాడు వస్తానన్నాడు, నేనుండాలి. నువ్వెళ్ళు."

"నేనొక్కదాన్నా?"

"గుంటూరులో నేనెక్కిస్తా. అక్కడ నీ కూతురు దించుకుంటది. మధ్యలో రైలేగా నడిచేది, నువ్వు కాదుగా."

"టీవీ సంగతి కాదయ్యా. నువ్వు చెప్పు. వాన ఉందా, లేదా?"

మాలకొండయ్య కాఫీ గ్లాసులోకి చూశాడు. ఒక గుక్క తాగాడు.

"నీ మీద చినుకు పడదు. నా మాట నమ్ము. ఒక్క చినుకు పడదు," అన్నాడు.

వాన గురించి ఆయన చెప్పాడంటే చెప్పాడే. మల్లేశ్వరి గుండె మీంచి బస్తా దించినట్టయింది. ఆ ఊపులోనే పరుగున వెళ్ళి చీర తీసింది. కాసేపటికి ఇమాం హుస్సేన్ వచ్చి, "అన్నా, ఇయ్యాళ మిగిలిన కాయ గూడా కోయించమంటావా?" అని అడిగాడు. మాలకొండయ్య అతని భుజం మీద చెయ్యేసి గట్టు చివరి దాకా తీసుకెళ్ళి ఏదో చెప్పి పంపాడు. మల్లేశ్వరి కిటికీలోంచి చూసింది గాని, మగాళ్ళ కబుర్లు ఎప్పుడు తెగాయి అనుకుని నువ్వుండలు లెక్క సరిపోయాయో లేదో చూసుకోవడంలో పడింది.

గురువారం చీకటితోనే బండి మీద గుంటూరు బయల్దేరారు. గాలికి కొంగు వెనక్కి కొడుతుంటే మల్లేశ్వరి దాన్ని నడుముకి దోపింది.

"ఈ గాలేందయ్యా?"

"పొద్దుటి గాలి. కూర్చో సరిగ్గా."

రైల్లో కిటికీ పక్క సీటు చూసి కూర్చోపెట్టాడు. నీళ్ళ సీసా పైన పెట్టి, సంచీ కాళ్ళ కిందికి తోసి, ఎదురు సీటు ముసలాయనకి అప్పజెప్పి, దిగిపోయి మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చాడు. ఏదో చెప్పబోయాడు. రైలు కదిలింది. "గొడుగు తెచ్చుకున్నావా? ఎండకి!" అని అరిచాడు.

సికింద్రాబాదులో నిజంగానే ఎండ. సౌజన్య వచ్చి వాటేసుకుంది. పిల్ల కాస్త చిక్కిందని మల్లేశ్వరి, అమ్మ కాస్త నల్లబడిందని సౌజన్య, ఆటోలో హాస్టల్ చేరేదాకా అదే వాదం. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద మాలకొండయ్య చెప్పిన పడమర గాలి చెప్పినట్టే తోలింది. మొక్కజొన్న కండె కాల్పించుకుని తింటూ మల్లేశ్వరి మొగుణ్ణి తల్చుకుంది. ఆయన కూడా వచ్చుంటే ఈ నీళ్ళ రంగు చూసి ఏదో ఒకటి చెప్పేవాడు.

శుక్రవారం సౌజన్యది పగటి డ్యూటీ. పొద్దున్నే యూనిఫాం వేసుకుంటూ చెప్పింది.

"హేమ నిన్ను స్టేషన్‌కి తీసుకొస్తుంది. ప్లాట్‌ఫాం ముందు చివర నిల్చోండి, ఆడవాళ్ళ పెట్టె అక్కడే ఆగుతుంది. దాని ముందే నా క్యాబిన్. నువ్వు కనపడ్డా నేను చెయ్యి ఊపనమ్మా, ఊపకూడదు. పిలవమాక."

"నేనెందుకు పిలుస్తాను? నాకు తెలియదూ, అది డ్యూటీ అని," అంది మల్లేశ్వరి బింకంగా.

పదకొండు దాటాక ఆమె, హేమశ్రీ ప్లాట్‌ఫాం చివర నిలబడ్డారు. గంజి చీర ఫెళఫెళలాడుతోంది. అంత ఎత్తున, కింద బస్సులూ మనుషులూ కదులుతుంటే, ఆమెకి మొగుడికి ఫోన్ చెయ్యాలనిపించింది. రైలు ఇంకా నాలుగు నిమిషాలుందని బోర్డు మీద చూపిస్తోందని హేమశ్రీ చెప్పింది.

చాలాసేపు మోగాక మాలకొండయ్య ఎత్తాడు. ఆయాసంగా ఉన్నాడు.

"ఏం చేస్తన్నావు?" అంది మల్లేశ్వరి.

"ఏముంది, కల్లంలో ఉన్నా."

"ఎండ ఎట్టా ఉంది?"

"మండిపోతంది. కాయ గలగలమంటంది. నువ్వెక్కావా?"

"ఇంకా రాలా."

ఆయన వెనక ఎవరో తుమ్మారు. మళ్ళీ తుమ్మారు. మూడోది, నాలుగోది గొలుసుకట్టుగా వచ్చాయి. అది మౌలాబీ. ఇమాం హుస్సేన్ దగ్గు కూడా వినిపించింది. వాటి కిందనించి చెక్క పలక నేల మీద గీరుకుపోతున్న బరబర చప్పుడు ఆగకుండా వస్తోంది. పరిచిన కాయని ఒక చోటికి తోసి కుప్ప చేసే చప్పుడు. కుప్ప చేసేటప్పుడే ఘాటు లేచి అందరికీ తుమ్ములు పట్టుకునేది.

మల్లేశ్వరి ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. మిరపకాయ కుప్ప చేసేది సాయంత్రం, ఎండ వాలాక. పదకొండు గంటల వేళ, మండే ఎండలో, పిచ్చివాడు కూడా కాయ కుప్ప చెయ్యడు. ఆ వేళప్పుడు చేస్తున్నారంటే దానికి ఒకటే కారణం ఉంటుంది.

బేరగాడు లేడు. టీవీ చెప్పింది టీవీ మాట. ఆయన చెప్పింది మాత్రం, 'నీ మీద చినుకు పడదు' అని. నీ మీద అన్నాడు. కాయ మీద అన్లేదు, నా మీద అన్లేదు. వాన విషయంలో అబద్ధమాడని మనిషి ఆ ఒక్క మాట ఎక్కణ్ణించి వెతికి తెచ్చుకున్నాడో. ఇప్పుడు అక్కడ పట్టలు చాలవు. ఆ సంగతి ఆమెకి తెలుసు, రెండు చిరిగి ఉన్నాయి. కింద వరస కాయ తడుస్తుంది, తాలు అవుతుంది. మనిషి తడుస్తాడు. ఈయనకి నెత్తి తడిస్తే రాత్రికి జలుబు.

ఆమె కాళ్ళు మెట్ల వైపు తిరిగాయి. ఇప్పుడు బయల్దేరితే ఏదో ఒక బస్సు దొరుకుతుంది, రాత్రికల్లా ఇల్లు చేరచ్చు.

"ఆంటీ, వస్తోంది!" అని హేమశ్రీ చెయ్యి పట్టుకుంది.

రైలు వచ్చింది. ముందు అద్దం వెనక సౌజన్య నిటారుగా కూర్చుని ఉంది. అమ్మ వంక చూడలేదు. చూపు పట్టాల మీద, కనుబొమలు ముడిపడి, పెదవి బిగించి, అచ్చం వాళ్ళ నాన్న మబ్బుని చూసేటప్పటి మొహం. మల్లేశ్వరికి కళ్ళలో నీళ్ళు నిండాయి. ఆ మొహం తను చూడాలనే అక్కడ ఒక మనిషి తడుస్తున్నాడు. చూడకుండా వెనక్కి పోతే ఆయన తడిసిందంతా దండగ.

తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కింది.

"ఏందే, ఉన్నావా?" అంటున్నాడు ఫోన్లో మాలకొండయ్య.

"ఉన్నా. ఎక్కాను. నీ కూతురే నడుపుతోంది, చూశాను." ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. "ఏమయ్యా, ఎండ మరీ ఎక్కువగా ఉందంటున్నావు. కాయ కప్పేసి ఇంటికి పో. కింద వరస పోతే పోనీ, దాని కోసం ఆడనే నిలబడమాక. పోయి తల తుడుచుకో. మిరియాల పాలు కాచుకో."

అవతల పలక గీరుడు ఆగింది.

"ఎండలో మిరియాల పాలేందే," అన్నాడు చివరికి, మెల్లగా.

"నేను చెప్పింది చెయ్యి."

"సరే."

తలుపులు మూసుకున్నాయి. బండి కదిలిందో లేదో తెలియనంత మెత్తగా కదిలింది. స్టేషన్ వెనక్కి పోయింది, మేడల పైకప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు పక్కనించి జారిపోతున్నాయి. మల్లేశ్వరి క్యాబిన్ తలుపుకి ఆనుకుని నిలబడింది. ఆ రేకుకి అవతల, మూరెడు దూరంలో కూతురుంది. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నది ఇదే. ఇప్పుడు ఫోన్ ఆ తలుపుకి ఆనించింది.

"విను. కదిలింది. నీ కూతురి బండి. వినపడతందా?"

"ఆఁ?"

"బండి చప్పుడయ్యా! వినపడతందా?"

"ఏం వినపడి చస్తదే, ఈ వాన చప్పుడులో!" అని గట్టిగా అరిచాడు మాలకొండయ్య.

అరిచాక గతుక్కుమన్నాడు. ఇక దాచడానికేమీ మిగల్లేదు గనక ఫోన్‌కి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసినట్టున్నాడు, పట్టల మీద పడుతున్న వాన ఫోన్లోంచి దబదబా వచ్చేసింది. దాని వెనక మౌలాబీ పకపకా నవ్వు, మధ్యలో ఇంకో తుమ్ము.

"ఏ వానయ్యా?" అంది మల్లేశ్వరి.

"అదే..." అన్నాడు మాలకొండయ్య. "ఎండ చప్పుడులే."

మల్లేశ్వరి నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వుతూనే ఏడ్చింది. పెట్టెలో ఉన్న ఆడవాళ్ళంతా తిరిగి చూశారు. ఒకావిడ లేచి సీటిచ్చి, "ఏమైందమ్మా?" అని అడిగింది.

"ఏం లేదమ్మా," అంది మల్లేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ. "మా ఆయన. ఊళ్ళో ఎండలో తడుస్తన్నాడు."